నాణెం మీద కట్టడం: రోము కంచు నాణేలు, తెలుగు నేల
(స్మారకోపన్యాస పాఠం, చిలమకూరు)

రోమను సామ్రాజ్యపు నాణేల బొమ్మ వైపు చక్రవర్తి తల ఉంటుంది. బొరుసు వైపు దేవతలు, యుద్ధ విజయాలు, జంతువులు, అప్పుడప్పుడు కట్టడాలు ఉంటాయి. గుడి, బలిపీఠం, విజయతోరణం, ఓడరేవు, అంగడి, క్రీడాంగణం, కోట ద్వారం వంటివి ముద్రించిన నాణేలను కట్టడాల నాణేలుగా ఒక ప్రత్యేక శాఖ కింద అధ్యయనం చేస్తారు. 1859లో థామస్ లెవర్టన్ డొనాల్డ్‌సన్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి ఈ నాణేల మీద ‘ఆర్కిటెక్చురా న్యూమిస్మాటికా’ అనే పెద్ద గ్రంథం ప్రచురించాడు. కూలిపోయిన రోమను కట్టడాలు నిలబడి ఉన్న రోజుల్లో ఎలా ఉండేవో తెలుసుకోవడానికి నాణేలను వరుసగా పరిశీలించే పద్ధతి ఆ పుస్తకంతో బలపడింది. 1977లో మార్టిన్ ప్రైస్, బ్లూమా ట్రెల్ కలిసి రాసిన ‘కాయిన్స్ అండ్ దెయిర్ సిటీస్’ తూర్పు రాష్ట్రాల నగరాల నాణేలకు అదే పని చేసింది.

ఈ శాఖ తెలుగు పాఠకుడికి దూరమైనదేమీ కాదు. రోము నాణేలు తెలుగు నేలలో కుండల కొద్దీ దొరికాయి. కట్టడాన్ని బొమ్మగా చెక్కి దాచుకునే అలవాటు కృష్ణా తీరంలో అదే కాలంలో ఉంది. తెలుగు అక్షరాలతో పాటు గుడి గోపురం ముద్రించిన నాణెం కూడా ఒకటి ఉంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే నాణెం మీది కట్టడం ఏ మేరకు సాక్ష్యమో, ఆ సాక్ష్యం ఎలా చెడిపోతుందో తెలుస్తుంది.

లోహం, విలువ

కంచు నాణేలని వాడుకలో అంటున్నా వీటన్నిటిలో ఉన్నది కంచు కాదు. అగస్టస్ కాలం నుంచి సెస్టెర్టియస్, డుపోండియస్ అనే నాణేలను ఇత్తడితోను, ఆస్ అనే నాణేన్ని రాగితోను కొట్టేవారు. నాలుగు ఆస్‌లు ఒక సెస్టెర్టియస్. నాలుగు సెస్టెర్టియస్‌లు ఒక వెండి డెనారియస్. ఇరవై ఐదు డెనారియస్‌లు ఒక బంగారు ఆరియస్. సెస్టెర్టియస్ దాదాపు 25 గ్రాముల బరువు, 32 నుంచి 35 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే పెద్ద నాణెం. ఆస్ దాదాపు 11 గ్రాములు ఉంటుంది.

కట్టడాల బొమ్మలు ఇత్తడి, రాగి నాణేల మీద బాగా కుదరడానికి ఈ వైశాల్యమే కారణం. కొద్దిపాటి స్థలంలో స్తంభాలు, మెట్లు, కప్పు ముందరి త్రికోణం, దాని మీది విగ్రహాలు అన్నీ చెక్కాలంటే వెండి డెనారియస్ చాలదు. అయినా తొలి ప్రయత్నాలు వెండి మీదే జరిగాయి. క్రీ.పూ. 135లో గాయస్ మినూకియస్ అగురినస్ అనే టంకశాల అధికారి తన వంశ పూర్వీకుడి గౌరవార్థం నిలిపిన స్తంభాన్ని డెనారియస్ మీద వేయించాడు. గణతంత్ర కాలంలో ఇది వంశ ప్రతిష్ఠ చాటుకునే మార్గం. చక్రవర్తుల కాలం వచ్చేసరికి అది రాజ్యం తన పనులను ప్రజల చేతుల్లో పెట్టే మార్గమైంది. ఇత్తడి, రాగి నాణేలు రోజువారీ కొనుగోళ్లలో తిరిగేవి కాబట్టి ఆ బొమ్మలు సామాన్యుడి దాకా చేరాయి.

నాణేల మీది కట్టడాలు

నీరో కాలం (క్రీ.శ. 54–68) ఈ శాఖకు తొలి వెలుగు. 64 ప్రాంతంలో మొదలైన అతని పెద్ద నాణేల వరుసలో ఓస్టియా ఓడరేవు సెస్టెర్టియస్ ఉంది. రేవును పైనుంచి చూసినట్టు అర్ధచంద్రాకారంలో చెక్కి, మధ్యలో ఓడలు, అడుగున ఒరిగి కూర్చున్న జలదేవత విగ్రహం పెట్టారు. ఓడల సంఖ్య ఒక్కో అచ్చులో ఒక్కో రకంగా ఉంటుంది. అదే చక్రవర్తి డుపోండియస్ మీద రోములోని పెద్ద అంగడి భవనం, సెస్టెర్టియస్, ఆస్ మొదలైన వాటి మీద జానస్ గుడి కనిపిస్తాయి. జానస్ గుడి తలుపులు యుద్ధ కాలంలో తెరిచి ఉంచడం, శాంతి కాలంలో మూయడం రోము ఆచారం. నాణెం మీద మూసిన జోడు తలుపులు, వాటి పైన వేలాడే పూలదండ, పక్కన జాలీ కిటికీ ఉంటాయి. చుట్టూ ఉన్న లేఖ, నేల మీదా నీటి మీదా రోము ప్రజలకు శాంతి కలిగించి నీరో ఈ తలుపులు మూయించాడని చెబుతుంది. ఆ గుడి జాడ నేడు లేదు. దాని రూపానికి నాణేలే ప్రధాన ఆధారం.

నీరో విజయతోరణం సంగతి మరింత స్పష్టం. కాపిటోలిన్ కొండ మీద కట్టిన ఆ తోరణం అతను చనిపోయాక ఎంతో కాలం నిలవలేదు. సెస్టెర్టియస్‌ల మీద దాన్ని కాస్త పక్కనుంచి చూసినట్టు చెక్కారు. అందువల్ల ముఖభాగంతో పాటు పక్క గోడ గూటిలో ఉన్న యుద్ధదేవుడి పెద్ద విగ్రహం కూడా తెలుస్తుంది. అనేక అచ్చుల నుంచి వచ్చిన నాణేలను పోల్చి పరిశోధకులు ఆ తోరణానికి నమూనా గీయగలిగారు.

టైటస్ కాలంలో, క్రీ.శ. 80–81లో, కొలోసియం సెస్టెర్టియస్ వచ్చింది. ఆ క్రీడాంగణం 80లోనే ప్రారంభమైంది. నాణెం మీద బయటి తోరణాల అంతస్తులు ముందునుంచి, లోపలి ప్రేక్షకుల వరుసలు పైనుంచి ఒకేసారి కనిపిస్తాయి. జనం తలలను చుక్కలుగా చెక్కారు. పక్కన ఒక నీటి బుగ్గ కట్టడం కూడా ఉంది. ఈ నాణేలు చాలా అరుదు. ట్రాజన్ కాలం (98–117) అన్నిటికన్నా సంపన్నమైనది. రథపందేల మైదానం, బాసిలికా ఉల్పియా, 113లో ప్రతిష్ఠించిన ట్రాజన్ స్తంభం అతని నాణేల మీద ఉన్నాయి. ఆ స్తంభం నేటికీ రోములో నిలబడే ఉంది. దాని కొన మీద 1587 నుంచి ఉన్నది సెయింట్ పీటర్ విగ్రహం. మొదట అక్కడ ఉన్నది చక్రవర్తి విగ్రహమని నాణేలు చూపుతాయి.

నాలుగో శతాబ్దపు తొలి సగంలో కాన్‌స్టాంటైన్, అతని కొడుకుల చిన్న రాగి నాణేల మీద కోట ద్వారం బొమ్మ విస్తారంగా వచ్చింది. ఇటుకల వరుసలు, పైన రెండు మూడు బురుజులు, వాటి నడుమ ఒక నక్షత్రం. ఇది ఫలానా ఊరి ద్వారం అని చెప్పడానికి ఆధారం లేదు. నీరో కాలంలో పేరున్న కట్టడం, కాన్‌స్టాంటైన్ కాలానికి రాజ్యరక్షణకు గుర్తుగా మారింది. ఈ నాణేలు నేటికీ పెద్ద సంఖ్యలో, తక్కువ ధరలో దొరుకుతాయి కాబట్టి కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు చాలామంది వీటితోనే మొదలుపెడతారు.

చెక్కేవాడి పద్ధతులు

నాణెపు అచ్చు చెక్కేవాడు కొలతలు తీసుకుని నమూనా గీసినవాడు కాదు. అతని ముందున్న పని, చూడగానే జనం ఆ కట్టడాన్ని గుర్తుపట్టేలా చేయడం. అందుకు కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. మొదటిది, స్తంభాల సంఖ్య తగ్గించడం. ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ గుడి ముందు వరుసలో ఎనిమిది స్తంభాలు ఉంటే, ఆ నగరపు నాణేల మీద నాలుగు, ఆరు, ఎనిమిది కూడా కనిపిస్తాయి. రెండోది, నడిమి రెండు స్తంభాలను ఎడంగా జరిపి గర్భగుడిలోని మూర్తిని ఆ సందులో నిలబెట్టడం. నిజమైన గుడిలో వీధిలో నిలబడ్డవాడికి మూర్తి అంత స్పష్టంగా కనిపించదు. నాణెం మీద మాత్రం ఆ మూర్తే గుడికి ఆనవాలు. మూడోది, ముఖభాగాన్నీ పక్క గోడనూ లోపలి భాగాన్నీ ఒకే దృశ్యంలో చూపడం.

కాబట్టి ఒక్క నాణెం చూసి స్తంభాలు లెక్కపెట్టి తీర్పు చెప్పకూడదు. కాలిగులా వేయించిన సెస్టెర్టియస్ మీద ఆరు స్తంభాల గుడి ముందు బలి జరుగుతూ ఉంటుంది. ఆంటోనినస్ పయస్ 158–159లో బాగు చేయించిన దైవ అగస్టస్ గుడి నాణెం మీద ఎనిమిది స్తంభాలు ఉంటాయి. ఈ రెండూ ఒకే గుడా, వేర్వేరు గుళ్లా అన్న చర్చ ఈనాటికీ ఉంది. ఆ గుడి పునాదులు ఇంతవరకు బయటపడలేదు.

కట్టని కట్టడం కూడా నాణెం మీదికి ఎక్కవచ్చు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దయాగుణానికి గుడి కట్టాలని సెనేట్ తీర్మానించింది. అదే ఏడు డెనారియస్ మీద ఆ గుడి బొమ్మ వచ్చింది. గుడి లేచిందనడానికి మాత్రం ఆధారం లేదు. నాణెం మీది కట్టడం ఉన్నదాన్ని చూపవచ్చు, ఉండబోయేదాన్ని ప్రకటించవచ్చు, కేవలం ఒక గుర్తుగానూ నిలవవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడం పరిశోధకుడి పని.

తూర్పు రాష్ట్రాల నగరాలు స్థానికంగా కొట్టించుకున్న రాగి, కంచు నాణేలు ఈ పనికి మరింత ఉపయోగపడతాయి. అలెగ్జాండ్రియా నాణేల మీద హేడ్రియన్, ఆంటోనినస్ పయస్ కాలాల్లో సముద్ర దీపస్తంభం కనిపిస్తుంది. కొనన విగ్రహం, మూలల్లో శంఖాలూదే జలచరమూర్తులు ఉంటాయి. భూకంపాలకు అది పద్నాలుగో శతాబ్దానికి శిథిలమైంది. నియాపొలిస్ నాణేల మీద గెరిజిమ్ కొండ, దాని మెట్లదారి, శిఖరం మీది గుడి ఉన్నాయి. ఎఫెసస్ నాణేల మీద ఆర్టెమిస్ గుడి ముందరి త్రికోణంలో కిటికీల వంటి ఖాళీలు కనిపిస్తే, ఆ గుడి పునర్నిర్మాణ చిత్రాల్లో వాటికి చోటు దొరికింది.

తెలుగు నేలకు చేరినవి

మొదటి శతాబ్దపు గ్రీకు నావిక గ్రంథం ‘పెరిప్లస్’ మసాలియా అనే కృష్ణా తీరప్రాంతాన్నీ అక్కడి సన్నని బట్టలనూ పేర్కొంది. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్టియస్‌లు రోము నుంచి లాగేస్తోందని ప్లినీ అదే శతాబ్దంలో వాపోయాడు. ఆ లెక్క సెస్టెర్టియస్‌లలో ఉన్నా ఓడల్లో వచ్చింది ఇత్తడి కాదు. ఐదు కోట్ల సెస్టెర్టియస్‌లంటే ఐదు లక్షల బంగారు ఆరియస్‌లు. దూరదేశపు వర్తకుడు నాణేన్ని లోహపు విలువకే తీసుకుంటాడు. ఇత్తడి, రాగి నాణేల విలువ రోము రాజ్యం మాట మీద నిలిచిన విలువ. ఆ మాట ఎర్రసముద్రం దాటితే చెల్లదు. అందుకే తెలుగు నేలలో బయటపడిన రోము నాణేలు ప్రధానంగా బంగారం, వెండి.

వాటి పట్టిక చిన్నదేమీ కాదు. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లె నిధిలో పదిహేను వందలకు పైగా వెండి డెనారియస్‌లు ఉన్నాయి. గుంటూరు ప్రాంతపు వినుకొండలో, కర్నూలు ప్రాంతపు నంద్యాలలో బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల రాజధాని శిథిలాల్లో రోము బంగారు నాణేలు బయటపడ్డాయి. కడప సీమలో రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డున ఉన్న అత్తిరాల కూడా ఈ జాబితాలో ఉంది. 1904లో రాబర్ట్ సూయల్ భారతదేశంలో దొరికిన రోము నాణేలను ఒక వ్యాసంలో క్రోడీకరించాడు. హైదరాబాదు ప్రభుత్వ మ్యూజియానికి చేరిన నిధులను పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ‘రోమన్ కాయిన్స్ ఫ్రమ్ ఆంధ్రప్రదేశ్’ అనే గ్రంథంలో వివరించారు.

వెండి నిధుల్లో ఎక్కువ భాగం రెండే రకాలు. అగస్టస్ మనుమలు గాయస్, లూసియస్ డాళ్లతో నిలబడ్డ బొమ్మ ఒకటి. టైబీరియస్ నాణేల మీద కూర్చున్న స్త్రీమూర్తి రెండోది. కట్టడాలు చెక్కిన గొప్ప ఇత్తడి వరుసలు ఈ దారిన రాలేదు. నాలుగు, ఐదు శతాబ్దాల చిన్న రాగి నాణేలు మాత్రం తమిళనాడులో, ముఖ్యంగా కరూరు దగ్గరి అమరావతి నదిలోను, శ్రీలంకలోను పెద్ద సంఖ్యలో దొరికాయి. అప్పటికి వాటిని స్థానికంగా చిల్లరగా వాడుకున్నారు. శ్రీలంకలో వాటికి నకళ్లు కూడా పోశారు.

ఇక్కడికి వచ్చాక రోము బంగారానికి పట్టిన గతి కూడా గమనించదగ్గది. చాలా నాణేలకు తొలిచిన రంధ్రాలు, అతికిన కొక్కేలు ఉన్నాయి. నాణేలను గుచ్చి కాసులపేరుగా మెడలో వేసుకునే సంప్రదాయం ఉన్న నేల ఇది. పరదేశపు చక్రవర్తి తల ఇక్కడ నగగా మారింది.

తెలుగు నేల చెక్కిన కట్టడాలు

శాతవాహనుల నాణేలు సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహంతో చేసినవి. కొండాపూర్, పెద్దబంకూరు, కోటిలింగాల వంటి చోట్ల అవి విస్తారంగా దొరికాయి. వాటి మీద ఏనుగు, ఓడ, ఉజ్జయినీ గుర్తులతో పాటు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమానుల గుర్తు తరచుగా ఉంటుంది. తొలి పండితులు దాన్ని చైత్యం అన్నారు. తర్వాతి వారు కొండ అన్నారు. కంచెలో నాటిన చెట్టు మరో గుర్తు. ఆ కంచె బౌద్ధ స్తూపాల చుట్టూ కనిపించే రాతి వేదికకు చిన్న రూపం. ఈ గుర్తులు రోము నాణేల్లాగా ఫలానా కట్టడాన్ని పేరుతో చూపవు.

ఫలానా కట్టడాన్ని చూపే పని తెలుగు నేలలో రాతి మీద జరిగింది. అమరావతి స్తూపానికి అమర్చిన పాలరాయి వంటి సున్నపురాతి ఫలకాల మీద ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. అండం, దాని చుట్టూ వేదిక, సింహాలున్న ద్వారం, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు అన్నీ ఆ ఫలకాల్లో ఉన్నాయి. మహాస్తూపం పద్దెనిమిదో శతాబ్దం చివర రాళ్ల కోసం జరిగిన తవ్వకాల్లో ధ్వంసమైంది. 1816లో కాలిన్ మెకంజీ బృందం మిగిలిన శిల్పాలను చిత్రించింది. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్నిటిని తవ్వి తీయించాడు. నేడు వాటిలో ఎక్కువ భాగం చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉంది. స్తూపం ఎలా ఉండేదని అడిగితే జవాబు ఆ ఫలకాల్లోనే వెతకాలి. నీరో తోరణానికి సెస్టెర్టియస్ ఏమిటో మహాస్తూపానికి ఈ ఫలకం అది. చెక్కేవాడి పద్ధతులు కూడా రెండు చోట్లా దగ్గరగా ఉన్నాయి. ద్వారాన్ని పెద్దది చేయడం, ముఖ్యమైనదాన్ని ముందుకు తేవడం, దూరంగా ఉన్నదాన్ని పైకి ఎత్తి చూపడం అమరావతి శిల్పికీ తెలుసు.

గోపురం నాణెం

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 దాకా థామస్ మన్రో ఈ దత్తమండలాల ప్రధాన కలెక్టరు. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో లెక్క వరహాలు, ఫణాలు, కాసుల్లో ఉండేది. ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక వరహా. 1807–08 నుంచి మద్రాసు టంకశాల యంత్రాలతో కొత్త నాణేలు కొట్టింది. బంగారు వరహాల మీద, వెండి అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు అంతస్తులున్న గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, ఇంగ్లీషు, పారసీ లేఖలు ఉన్నాయి. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాల్లో నాణెం విలువ ఉన్నాయి. వెండి అర వరహాలను చాలావరకు స్పానిష్ డాలర్ల మీదే తిరిగి ముద్రించారు. కొన్నిటి మీద పాత ముద్ర ఆనవాళ్లు నేటికీ కనిపిస్తాయి. 1818లో రూపాయి ప్రమాణం రావడంతో వరహాల లెక్క ముగిసింది.

ఈ గోపురం ఏ ఊరిదో నాణెం చెప్పదు. అది కాన్‌స్టాంటైన్ కోట ద్వారం వంటి గుర్తు. పరాయి కంపెనీ తన నాణేన్ని దక్షిణాది ప్రజలు నమ్మి తీసుకోవాలని వారి గుడి బొమ్మనూ వారి లిపులనూ అరువు తెచ్చుకుంది. కట్టడం బొమ్మ అధికారానికి విశ్వాసం సంపాదించిపెట్టే సాధనమని రోము ఎంత బాగా గ్రహించిందో పద్దెనిమిది శతాబ్దాల తర్వాత మద్రాసు టంకశాల కూడా అంతే గ్రహించింది.

సేకరణ, సంరక్షణ

రాగి, ఇత్తడి నాణేలకు మొదటి శత్రువు చిలుము. నాణేన్ని శతాబ్దాలుగా పట్టి ఉన్న గట్టి ఆకుపచ్చ లేదా గోధుమరంగు పొర హానికరం కాదు, అది లోహానికి కాపు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది క్లోరైడ్ల వల్ల వచ్చే కంచు రోగం. తేమ తగిలిన కొద్దీ అది లోహాన్ని తినేస్తుంది. అటువంటి నాణేన్ని వేరుచేసి తేమ లేకుండా ఉంచాలి. చింతపండు, బూడిద, ఆమ్లాలతో తోమితే కాపు పొరతో పాటు స్తంభాలు, లేఖలు కూడా పోతాయి. కట్టడాల నాణేనికి ఆ సన్నని గీతలే ప్రాణం.

రెండో శత్రువు నకిలీ. పదహారో శతాబ్దంలో పాడువా నగరానికి చెందిన జియోవన్నీ దా కావినో రోము సెస్టెర్టియస్‌లను అనుకరిస్తూ చక్కని అచ్చులు చేశాడు. అవి నేడు వాటి పేరుతోనే సేకరించదగ్గ వస్తువులు. అరిగిన నాణెం మీద ఉలితో స్తంభాలు తిరిగి చెక్కడం మరింత ప్రమాదకరం. లోహం పాతదే, బొమ్మ మాత్రం కొత్తది. దాన్ని నమ్మి కట్టడం నమూనా గీస్తే చరిత్రే తప్పుతుంది. అదే అచ్చు నుంచి వచ్చిన ఇతర నాణేలతో పోల్చి చూడటమే దీనికి విరుగుడు.

మూడోది అన్నిటికన్నా పెద్ద నష్టం: దొరికిన చోటు తెలియకపోవడం. చిలమకూరులోను, పక్కనే ఉన్న కలమళ్లలోను రేనాటి చోళుల కాలపు తొలి తెలుగు శాసనాలు ఉన్నాయి. సుమారు 575 నాటి ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కలమళ్ల శాసనం ఏ ఊరిదన్న ప్రశ్న రాదు. రాయి ఊళ్లోనే ఉంది. నాణేనికి ఆ భాగ్యం లేదు. పొలంలో దుక్కి దున్నుతుంటే లంకెబిందె బయటపడిన గంటలోనే నాణేలు నాలుగు చేతులు మారవచ్చు. బంగారు నాణెం ప్రొద్దుటూరు వంటి బంగారు అంగళ్ల ఊరికి చేరి కరిగితే దానితో పాటు ఆ దారిన నడిచిన వర్తకపు ఆనవాలు కూడా కరిగిపోతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధి గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహపు విలువతో పాటు అందులో ఐదో వంతు అదనంగా చెల్లించే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేలను పురావస్తువులుగా గుర్తిస్తుంది. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపకూడదు.

సేకర్త తన దగ్గరి ప్రతి నాణేనికీ ఐదు వివరాలు రాసి ఉంచాలి: బరువు, వ్యాసం, రెండు వైపుల లేఖలు, బొమ్మ వర్ణన, వచ్చిన దారి. కట్టడం బొమ్మ ఉంటే స్తంభాల సంఖ్య, మెట్లు, మూర్తి, త్రికోణంలోని చెక్కడాలు విడిగా నమోదు చేయాలి. దొరికిన ఊరు, పొలం, కుండ, దానితో దొరికిన ఇతర వస్తువులు తెలిస్తే అవి మిగతా అన్నిటికన్నా ముందు రాయవలసినవి. ఈ నమోదు ఉంటే నాణెం సాక్షిగా నిలుస్తుంది. లేకపోతే అందమైన లోహపు బిళ్లగానే మిగులుతుంది. పెన్నా, చెయ్యేటి లోయల్లో ఇక ముందు దొరకబోయే నాణేలకు ఆ నమోదును మొదటి రోజే చేయగలిగినవారు ఆ పొలాల రైతులు, ఆ ఊళ్ల ఉపాధ్యాయులు.